గోడ అవతలి ప్రశ్న

బొగ్గుబాయి క్వార్టర్లలో కాపురం పెట్టిన కొత్తలో నాకు పక్కింటి వాళ్లను చూస్తే అసూయగా ఉండేది. జీతాల నాడు మా వరుసలో సగం ఇళ్లు గొడవలతో దద్దరిల్లేవి. తాగివచ్చిన మగవాళ్లు, ఏడుస్తూ బజారులోకి వచ్చే ఆడవాళ్లు, వాళ్ల కాళ్లకు చుట్టుకున్న పిల్లలు. పక్కింట్లో మాత్రం ఎన్నడూ గొంతు లేచేది కాదు. ఆ ఇంటాయన బాయి మీద దీపాల గదిలో పని చేసేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం ఆయన చేతి నుంచే తీసుకోవాలి. తాగుడు లేదు, పేకాట లేదు. ఆడవాళ్లు ఎదురైతే తల వంచుకుని పక్కకు జరిగేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. అటువంటి మొగుడు దొరకాలంటే పుణ్యం చేసుకోవాలని నీళ్ల నల్లా దగ్గర అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయి ఉంటుంది. మా బాయి నుంచి మంచిర్యాల బస్సు దూరం. మాది గోదావరి అవతల, జగిత్యాల దగ్గర పల్లె. పక్కింటామెది బోథ్ దిక్కు. ఆమె తెలుగులో మరాఠీ కలిసి ఉండేది. నన్ను తాయి అనేది. తాయి అంటే వాళ్ల వైపు అక్క. నాకంటే రెండేళ్లు చిన్నదేమో. నల్లా దగ్గర వరుసలో నిలబడితే తన బిందెను తప్ప దేన్నీ చూసేది కాదు. ఎవరైనా పలకరిస్తే బిందెకే జవాబు చెప్పినట్టు చెప్పేది. పొగరు అనుకున్నారు.

మా రెండు ఇళ్లకూ మధ్య గోడ ఒకటే. అది పైపెంకుల దాకా లేవలేదు. మూరెడు ఖాళీ ఉండేది. వాళ్లు పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి.

నా భర్త రెండో షిఫ్టుకు వెళ్లిన ఒక సాయంత్రం, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చున్నాను. అవతల ఆయన గొంతు వినిపించింది. అన్నం తిన్నావా అని అడిగినంత మెల్లగా అడుగుతున్నాడు.

"నల్లా కాడ ఎవలను చూసినవు?"

"ఎవలను చూడలే."

"మంచిది." కొంచెం ఆగాడు. "నల్లా కాడ ఎవలను చూసినవు?"

మొదట పరాచికం అనుకున్నాను. కొత్త జంట కదా అని నవ్వుకున్నాను కూడా. అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. అదే జవాబు, అదే మంచిది. గొంతు పెరగలేదు, తగ్గలేదు. బియ్యం ఏరడం అయిపోయింది, ఎసరు పెట్టాను, అన్నం ఉడికింది. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు. చివరికి ఆమె ఏదో ఒక మనిషి గుర్తు చెప్పింది, ఎర్ర రుమాలు కట్టుకున్న ముసలాయనను చూశానని. అప్పుడు ఆయన, "మరి ఇందాక చూడలే అంటివి గద" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం నేను లేచి తలుపు గడియ పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఒక్క దెబ్బ చప్పుడు లేదు, ఒక్క తిట్టు లేదు.

తరువాత ఆయన పనికి వెళ్లిన వేళల్లో ఆమె, నేను గోడకు ఇటొకరు అటొకరు కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఆమె మా ఇంటికి రాదు. ఎందుకు రాదో చాలా రోజులకు చెప్పింది. ఆయన డ్యూటీకి పోయేటప్పుడు గడప మీద పొయ్యి బూడిద పలుచగా చల్లి పోతాడు. నీళ్లకు పోయి వచ్చిన అడుగులు ఎన్ని ఉండాలో ఆయనకు తెలుసు. వచ్చాక వంగి చూస్తాడు. ఆమె నిద్రపోతే పక్కన కూర్చుని ముఖం చూస్తూ ఉంటాడు, కలలో ఎవరు వచ్చారని లేపి అడుగుతాడు. పుట్టింటికి పంపడు. అడిగితే, నువ్వు లేకుంటే నాకు ఊపిరాడదు అని ఏడుస్తాడు.

మీ వాళ్లతో చెప్పుకోరాదా అన్నాను.

"కొడితే చెప్పుకుందు తాయి. ఒంటి మీద ఏం చూపియ్యాలె?" అంది.

ఆ ఎండాకాలం మా పెద్దవ్వ నన్ను చూడటానికి వచ్చింది. మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. చిన్నప్పుడే భర్త పోతే కోరుట్లలో బీడీలు చేసుకుంటూ ఒంటరిగా బతికిన మనిషి. మా ఇంట్లో ఉన్న రోజులు సాయంత్రాలు గోడ అవతలి మాటలు ఆమె కూడా విన్నది. రెండో రోజు తింటున్న అన్నం పక్కకు పెట్టేసింది. వెళ్లిపోయే ముందు రోజు, ఆయన లేని వేళ, గోడ దగ్గరికి పోయి నిలబడి పైకి చూస్తూ మాట్లాడింది.

"బిడ్డా, నాకు ఒక్క అర్ర ఉన్నది. ఇద్దరం పండుకోవచ్చు. బీడీలు చేసుడు నేను నేర్పిస్త. నీకు ఎప్పుడు రాబుద్ధయితె అప్పుడు రా."

అవతల ఊడుస్తున్న చీపురు ఆగింది. తరువాత, ఊరికి ఎట్లా రావాలో చెప్పమని ఆమె అడిగింది. లక్షెట్టిపేట దాకా బస్సు, గోదావరి మీద పడవ, ధర్మపురి, జగిత్యాల, అక్కడి నుంచి కోరుట్ల. పెద్దవ్వ చెప్పింది, ఆమె పాఠంలా తిరిగి అప్పజెప్పింది.

పెద్దవ్వ వెళ్లిన చాలా రోజులకు, తొలకరి వానలు పడ్డాక, ఒక పొద్దున పక్కింటామె నల్లా వరుసలో బిందె పెట్టి, చీరకొంగు తలమీదికి లాక్కుని, సంతకు పోయే ఆడవాళ్ల గుంపు వెనుక నడిచిపోయింది. నేను చూశాను. ఆమె వెనక్కి తిరగలేదు. బిందె ముందు నీళ్లు పట్టుకునేవాళ్లు ఒక్కొక్కరే కదులుతుంటే, వెనుకవాళ్లు దాన్ని కూడా కాళ్లతో ముందుకు జరుపుతూ పోయారు. నల్లా కిందికి వచ్చాక కానీ ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆయన సాయంత్రం వచ్చాడు. గడప దగ్గర వంగి చూసుకుంటూ ఉండటం నేను కిటికీ సందులోంచి చూశాను. పోయిన అడుగులు ఉన్నాయి, వచ్చినవి లేవు. ఆయన అరవలేదు. మా తలుపు దగ్గరికి వచ్చి, "మా ఆమె మీ ఇంట్లకు వచ్చిందా చెల్లె?" అని అడిగాడు. రాలేదని చెప్పాను. అది అబద్ధం కాదు.

బిందె అక్కడే ఉండటం వల్ల అందరూ నీళ్లలో పడిందేమో అనుకున్నారు. నా భర్తతో సహా మగవాళ్లంతా చుట్టుపక్కల బావుల్లో గాలాలు వేసి వెతికారు. పోలీసులు వచ్చి అడిగి పోయారు. పక్కింటాయన బోథ్ పోయాడు, ఆమె చుట్టాల ఊళ్లన్నీ తిరిగాడు, చిక్కి సగమై వచ్చాడు. గడ్డం పెరిగింది. వాడకట్టు అంతా ఆయన మీద జాలి పడింది. నా భర్తయితే మరీ. భార్య తప్పిపోయిన మనిషి ఎట్లా వండుకుంటాడని రోజూ మా ఇంటికే అన్నానికి పిలుచుకొచ్చేవాడు. నేను వడ్డించేదాన్ని. ఎక్కడుందో నాకు తెలుసునని నా భర్తకు తెలియదు. తెలిస్తే ఆయన మెతక మనసుకు ఆగలేక చెప్పేస్తాడని నా భయం.

ఒక రోజు నా భర్త చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. పక్కింటాయన అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే అన్నాడు.

"చెల్లె, వాడకట్టంత నన్ను అడుగుతది, దొరికిందా అని. నువ్వు ఒక్కనాడన్న అడుగలే."

ఇంకో గరిటెడు కూర ఆయన కంచంలో వేశాను. మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని అడగలేదన్నాను.

"మంచిది" అన్నాడు.

గోడ అవతల అన్ని సాయంత్రాలు విన్న అదే మంచిది. మరునాడు నేను కావాలనే, ఏమైనా తెలిసిందా అని అడిగాను. ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూసి నవ్వాడు. "ఇయ్యాల అడిగినవు" అన్నాడు.

అప్పటి నుంచి గోడ అవతల మళ్లీ మాటలు మొదలయ్యాయి. ఖాళీ ఇంట్లో ఆయన ప్రశ్న అడిగేవాడు. ఆమె జవాబుకు ఎంత సమయం పట్టేదో అంత ఆగేవాడు. మంచిది అనేవాడు. నేను చెవుల్లో కొంగు కుక్కుకునేదాన్ని. ఆ తరువాత ఒక సాయంత్రం ప్రశ్న మారింది.

"చెల్లె, యాడున్నది?"

నేను పొయ్యి ముందు కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ఊపిరి వినిపిస్తుందేమోనని నోరు మూసుకున్నాను.

"మంచిది. యాడున్నది చెల్లె?"

పొయ్యి మీది కూర మాడింది. దించితే చప్పుడవుతుందని దించలేదు.

నా భర్త రెండో షిఫ్టులో ఉన్న రోజుల్లోనే ఇలా జరిగేది. ఆయన ఇంట్లో ఉంటే గోడ అవతల నుంచి దగ్గు కూడా వినిపించేది కాదు. ఖాళీ ఇంట్లో తనలో తాను మాట్లాడుకుంటున్నాడని నా భర్తకు చెబితే, పాపం ఆ మనిషికి మతి చలిస్తున్నదని ఇంకా జాలి పడ్డాడు. నేను పొద్దుగూకే వేళకు పని ఉన్నా లేకున్నా మూడిళ్ల అవతలికి పోయి కూర్చునేదాన్ని. ఒకసారి తిరిగి వచ్చేసరికి మా గడప మీద పలుచగా బూడిద ఉంది. గబగబా చీపురు తెచ్చి ఊడ్చేశాను. ఊడ్చాక అర్థమైంది. ఏమీ తెలియని మనిషి అయితే దాన్ని చూడకుండా తొక్కుకుంటూ లోపలికి పోయేది.

వానలు వెనకపట్టాక బతుకమ్మ పండుగకు నన్ను తీసుకుపోవడానికి మా అవ్వ వచ్చింది. అవ్వకు గట్టిగా మాట్లాడే అలవాటు, పొలాల మీద పెరిగిన గొంతు. సాయంత్రం నాకు తల దువ్వుతూ ఊరి ముచ్చట్లన్నీ చెబుతున్నది. నేను సైగ చేసేలోపే అనేసింది.

"కోరుట్లల మీ పెద్దవ్వ ఇంట్ల ఎవలో బోథ్ దిక్కు పిల్ల ఉంటుందంట. బీడీలు మస్తు జల్ది చేస్తదంట."

గోడ అవతల ఇత్తడి గిలాసను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. చాలా మెల్లగా పెట్టిన చప్పుడు.

తెల్లవారి చూస్తే ఆ ఇంటికి తాళం ఉంది.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన నా భర్తను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పెద్దవ్వ మాట, బిందె, దారి, అన్నీ. ఆయన ముఖం మీద బొగ్గుపొడి ఇంకా కడగలేదు. అందులో కళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఆయనను మంచోడంటివి" అన్నాను.

ఆయన లేచి ముఖం కడుక్కుని అంగీ తొడుక్కున్నాడు. అవ్వను ఇంట్లో ఉంచి ఇద్దరం బయలుదేరాం. గోదావరి నిండుగా ఎర్రగా పోతున్నది. పడవ అవతలి ఒడ్డుకు పోయి చాలాసేపటికి కానీ రాలేదు. పక్కింటాయన మాకంటే ముందు దాటి ఉంటాడని, ఈపాటికి ఆ ఇంటి ముందు ఉంటాడని, నేను ఒడ్డున అటూ ఇటూ తిరిగాను. నా భర్త నా భుజం మీద చెయ్యి వేశాడు. నలుగురిలో అలా చెయ్యి వేయడం అదే మొదటిసారి.

కోరుట్లలో పెద్దవ్వ ఉండే గల్లీలో ఇంటింటి ముందూ ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంటారు. రాత్రి ధర్మపురిలో ఆగి, పొద్దున మేము పోయేసరికి పక్కింటాయన పెద్దవ్వ ఇంటికి ఎదురుగా ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బడిలో పిల్లవాడిలా. ఎవరినీ ఏమీ అనడం లేదట. ఎవరైనా అడిగితే మాత్రం ఏడుస్తూ తన కథ చెబుతున్నాడట. అప్పటికే సగం గల్లీ ఆయన వైపు ఉంది. పెద్దవ్వ తన గడప మీద అడ్డంగా కూర్చుని ఆకు కత్తిరిస్తున్నది. ఆమె వెనుక, చీకటి అర్రలో, పక్కింటామె గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి తాయి అనలేదు. ఆమె చూపు ఎదుటి అరుగు మీదనే ఉండిపోయింది.

మరునాడు వాడకట్టు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఒకే మాట అడిగాడు. "నేను ఒక్కనాడన్న కొట్టిననా? తిట్టిననా? ఆమెనే చెప్పుమనుండ్రి."

పెద్దమనుషులు ఆమెను అడిగారు. కొట్టలేదంది. తిట్టలేదంది. అన్నం పెట్టలేదా అంటే పెట్టాడంది. మరి ఎందుకు వచ్చావంటే నోరు పెగలలేదు. ఆయన ఆమెను చూస్తున్నాడు, ఆమె మెడ వంగిపోతున్నది. పెద్దమనుషుల్లో ఒకాయన విసుగ్గా, గసొంటోని ఇల్లు ఇడిసిపెట్టి బీడీలు చేసుకునుడేందమ్మా, పొయ్యి కాపురం చేసుకో అన్నాడు. కొందరు తలలు ఊపారు.

నేను మగవాళ్ల మధ్య ఎన్నడూ నోరు విప్పినదాన్ని కాదు. ఆయన ముఖం చూస్తే మాట రాదని నాకు తెలుసు. అందుకని వెనక్కి తిరిగి, పెద్దవ్వ ఇంటి గోడకు ముఖం పెట్టాను.

"నేను పక్కింటిదాన్ని. గోడకెల్లి ఇన్నది ఇన్నట్టు చెప్త" అన్నాను.

మొదలుపెట్టాను. నల్లా కాడ ఎవలను చూసినవు. ఎవలను చూడలే. మంచిది. నల్లా కాడ ఎవలను చూసినవు. ఎవలను చూడలే. మంచిది. ఆయన ఎంత మెల్లగా అడిగేవాడో అంతే మెల్లగా. ఆమె ఎంత ఆగేదో అంత ఆగుతూ. మొదట ఎవరో నవ్వారు. తరువాత నవ్వు ఆగింది. నేను ఆపలేదు. నా గొంతు నాకే ఆయన గొంతులా వినపడింది, అయినా ఆపలేదు. బీడీలు చుట్టే చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

చాలాసేపటికి ఒక ముసలి పెద్దమనిషి, "ఇగ చాలు బిడ్డా" అన్నాడు.

"ఇంక పొద్దుగూకలే గద" అన్నాను. "దీపం పెట్టేదాంక అడుగుతుండె."

వెనక్కి తిరిగాను. ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ ఆయనను చూస్తున్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నేను ఆపేశాను, ఆయన ఆపలేదు. చప్పుడు లేకుండా అడుగుతున్నాడు, జవాబుకు ఆగుతున్నాడు, మంచిది అనుకుంటున్నాడు. ఇందాక కాపురం చేసుకో అన్న పెద్దమనిషి లేచి పోయి ఆయన భుజం పట్టి ఊపితే కానీ ఆగలేదు.

ఆ రోజే ఇద్దరికీ ఇక సంబంధం లేదని విడుపు కాయితం రాయించారు. ఆయన గొడవ చేయకుండా వేలిముద్ర వేశాడు. పోతూ పోతూ నా ముందు ఆగాడు.

"నీకు మంచిగ యాదికున్నది చెల్లె" అన్నాడు.

కథ అక్కడితో అయిపోయిందని ఊళ్లో వాళ్లు అనుకుని ఉంటారు. మేము మాత్రం తిరిగి అదే క్వార్టరుకు పోవాలి, ఆయన కూడా తిరిగి పక్కింటికే వచ్చాడు. గోడ అదే. ఆయన గడ్డం గీసుకుని పనిలోకి వెళ్లాడు. నా భర్త ప్రతి షిఫ్టుకూ బిళ్ళ ఇచ్చి ఆయన చేతి నుంచే దీపం తీసుకుని ఆ చీకట్లోకి దిగాలి. ఇన్నాళ్లు నాకోసం, ఆమెకోసం భయపడ్డాను. ఇక ఈ భయం మొదలైంది. ఆయన గాజు తుడిచి, వెలిగించి చూపించి, "పైలంగ పోయిరా తమ్మి" అని ఇస్తాడట. ఎప్పటిలాగే. నా భర్త అది చెబుతూ నవ్వబోయేవాడు కానీ, దిగే ముందు ఆ దీపాన్ని పక్కకు పోయి రెండు మూడుసార్లు ఆర్పి వెలిగించి చూసుకునేవాడని వేరేవాళ్ల ద్వారా విన్నాను. షిఫ్టు వదిలే కూత మోగే వేళకు నేను రోజూ వాకిట్లో నిలబడేదాన్ని. దూరం నుంచి నా భర్త నడక కనిపించేదాకా లోపలికి పోయేదాన్ని కాదు. ఏ రోజూ ఏమీ జరగలేదు. గోడ అవతల కూడా మళ్లీ ఒక్క మాట వినిపించలేదు. ఆ చడీచప్పుడూ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఏడాది గడిచాక పక్కింటాయన తనంతట తానే అడిగి వేరే బాయికి మార్పించుకుని పోయాడు. బండిలో సామాను ఎక్కించేటప్పుడు నా భర్త కూడా ఒక చెయ్యి వేశాడు.

ఆమె పెద్దవ్వ దగ్గరే ఉండిపోయింది. మేము పోయినప్పుడల్లా మాట్లాడేది, కొన్నాళ్లకు నవ్వడం కూడా నేర్చుకుంది. ఒక్కటే మిగిలింది. ఎవరు ఏది అడిగినా, నీళ్లు తాగుతావా అని అడిగినా, ముందు అడిగినవాళ్ల ముఖం వెతికేది. పెద్దవ్వ దాన్ని కనిపెట్టి, ఆమెను ఏదీ అడగడం మానేసింది. తింటావా అనేది కాదు, అన్నం ఉన్నది అనేది. పండుకుంటావా అనేది కాదు, చాప పరిచిన అనేది.

చాలా ఏళ్ల తరువాత మంచిర్యాల అంగట్లో కూరగాయలు కొంటుంటే, ఒకప్పుడు దీపాల గదిలో పని చేసిన ఒకాయన పలకరించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, మీ పక్కింటాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పాపం ఇన్నాళ్లకు ఒక ఇంటివాడయ్యాడు అన్నాడు. ఎక్కడ అని అడిగాను. ఊరి పేరు సరిగా తెలియదట, నిర్మల్ అవతల ఎక్కడో అన్నాడు. పక్కన ఇళ్లు దగ్గరగా ఉంటాయా అని అడిగాను. ఆయన నా ముఖం వింతగా చూశాడు.

"లేదమ్మా, ఊరవతల ఇడిగ ఒక్కటే ఇల్లు కట్టుకున్నడంట. మంచి గాలి వస్తదంట" అన్నాడు.

సంచి అక్కడే వదిలేసి ఇంటికి పోయి నా భర్తకు చెప్పాను. ఆ వారమే నా భర్త సెలవు పెట్టి నిర్మల్ పోయాడు. తెలిసినవాళ్లను, తెలియనివాళ్లను అడిగాడు. దీపాల గదిలో పని చేసిన, తాగని, మెల్లగా మాట్లాడే మనిషి అని గుర్తులు చెప్పాడు. అటువంటి మంచి మనిషిని ఎందుకు వెతుకుతున్నావని అందరూ అడిగారట. ఇల్లు దొరకలేదు.